మొదటి జెండా కోసం కోరుట్ల మీదుగా సిరిసిల్లకు

ఆగస్టు 13, బుధవారం. రాత్రంతా ముసురు పట్టి తెల్లవారేసరికి కాస్త తెరిపిచ్చింది. ఇంటి ముందు మోరీలో ఇరుక్కున్న ఆకు, ప్లాస్టిక్ కవర్లు తీసి నీళ్ళు పారేలా చేశాను. తర్వాత స్నానం చేసి మొదటి బస్సుకు బయల్దేరాను.

మాది గొల్లపల్లి మండలంలో ఒక చిన్న ఊరు. బోరు మోటార్లకు వైండింగ్ చేయడం నా పని. బడికి పోయింది తక్కువ. దుకాణానికి వచ్చే పాత పేపర్లతో చదవడం, రోజువారీ లెక్కలతో రాయడం పట్టుబడ్డాయి. ఊళ్ళో జెండా గద్దెను ఈ ఏడు కొత్తగా కట్టారు. దాని ముందు నల్లరాతి ఫలకం పెట్టాలని నిర్ణయించారు. ఫలకం మీద నాలుగు తేదీలు ఉంటాయి: 1947 ఆగస్టు 15, 1948 సెప్టెంబర్ 17, 1950 జనవరి 26, 2014 జూన్ 2. వాటి కింద ఒక వాక్యం: ‘ఈ గ్రామంలో మొదటి జాతీయ జెండా ఎగురవేసినవారు మల్లయ్య.’ మల్లయ్య మా తాత. గద్దె పనులన్నీ చూస్తున్నది మా అన్న సత్తయ్య. ఎల్లుండి పొద్దున ఊరంతా వచ్చి ఆ పేరు చూస్తుంది. నాకు మూడు పనులు అప్పజెప్పారు. కోరుట్లలో రాయి చెక్కే అతని దగ్గర అక్షరాలు సరిచూడాలి, సిరిసిల్లలో కొత్త జెండా కొనాలి, అక్కడే లచ్చవ్వ అనే పెద్దావిడను కలవాలి. మా ఊరి మొదటి జెండాను నేసింది ఆమె తండ్రి. ఆ కుటుంబం తర్వాత సిరిసిల్లకు వలస పోయింది. ఆ జెండా ఆమె పెట్టెలో భద్రంగా ఉంటుందని మా ఊరివాళ్ళ నమ్మకం. దాన్ని ఉంచడానికి అద్దాల పెట్టె కూడా చేయించారు.

గొల్లపల్లి నుంచి జగిత్యాలకు బస్సులో ముప్పావుగంట కూడా పట్టదు. టవర్ సర్కిల్ దగ్గర దిగి జెండా తాడు కొన్నాను. నైలాన్‌ది చవక, కానీ తడిస్తే ముడి జారుతుందని దుకాణదారుడే చెప్పి నూలు తాడు ఇచ్చాడు. కోరుట్ల బస్సుకు టైం ఉందని కోట దాకా నడిచాను. జగిత్యాల కోట నక్షత్రం ఆకారంలో ఉంటుంది, చుట్టూ కందకం. ఇన్నేళ్ళుగా ఈ ఊరికి మోటారు వైరు కోసం వస్తున్నా కానీ లోపలికి పోయింది రెండుసార్లే. పైకెక్కితే ఫిరంగులు కనిపిస్తాయి. ఒకదాని మీద ఎవరో తడి చొక్కా ఆరేశారు. వానాకాలంలో మెట్లు పాకుడు పట్టి ఉంటాయి, చూసుకుని ఎక్కాలి.

కోరుట్లకు ఇంకో ముప్పావుగంట. ఫలకం చెక్కే శంకర్ షెడ్డు పట్టణం దాటాక రోడ్డు పక్కనే ఉంది. మెట్ల బావి చూడాలనుకునేవాళ్ళు ఊళ్ళోనే దిగాలి, నేను పనిమీద ఉండి దిగలేదు. శంకర్ నాలుగు తేదీలూ చెక్కేసి ఉన్నాడు. కింది వాక్యానికి మాత్రం సున్నపు ముక్కతో గీతలు గీసి పెట్టాడు.

"కాకా, ఒక్కటి అడుగుత, ఏమనుకోవద్దు" అన్నాడు. "నలభై ఏడు మొదలు చెక్కుమన్నరు. చెక్కిన. కని గప్పుడు మన దిక్కు నిజాం రాజ్యమే గదా. జెండా ఎగరేస్తె తోలు తీస్తుండిరి."

"దేశానికి వచ్చింది ఆ రోజే కదా, అందుకని పెట్టించాం. మనకు నలభై ఎనిమిదిలో వచ్చింది. మా తాత ఎగరేసింది అప్పుడే."

"గట్లనా. మరి పేరు చెక్కాల్నా? ఒక్కపారి ఉలి దిగినంక రాయి నా మాట ఇనది."

సిరిసిల్లలో లచ్చవ్వను అడిగి, అవునంటే ఫోన్ చేస్తానని చెప్పాను. నాలుగింటిలోగా చెప్పాలన్నాడు. పాలిష్ పెట్టి ఆరబెట్టాలంటే అంతకంటే ఆగలేడు. నిజానికి అడగాల్సిన అవసరం నాకు కనిపించలేదు. మా ఇంట్లో పుట్టినవాళ్ళందరికీ తెలిసిన సంగతే. తాత కుడికాలు వంకరగా ఉండేది. జెండా ఎత్తినందుకు రజాకార్లు విరగ్గొట్టారని మా నాన్న చెప్పేవాడు. చిన్నప్పుడు సాయంత్రాలు ఆ కాలికి నువ్వుల నూనె రాసింది నేనే.

కోరుట్ల నుంచి వేములవాడకు కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా బస్సు ఉంది. దాదాపు రెండు గంటలు పట్టింది. ఈ దారి వానాకాలంలోనే చూడాలి. రెండు పక్కలా మక్క చేలు, అంటే మొక్కజొన్న, మధ్యలో నాట్లు పడ్డ పొలాలు, రుద్రంగి దగ్గర గుట్టలు. బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి సీటు దొరకడం మన అదృష్టం. నేను చందుర్తి దాకా నిలబడే ఉన్నాను. వేములవాడలో దిగి, గుడి ముందు హోటల్లో మూడు ఇడ్లీలు తిని, షేర్ ఆటోలో సిరిసిల్ల చేరాను. ఆటోకు ముప్పై రూపాయలు.

సిరిసిల్లలో ముందు చెవికి అలవాటు పడాలి. సాంచాలు, అంటే మరమగ్గాలు, వీధి వీధికీ ఆడుతూనే ఉంటాయి. మాట్లాడాలంటే గొంతు పెంచాల్సిందే. జెండాల దుకాణంలో నూలు జెండా కావాలని అడిగాను. దుకాణం ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"అన్నా, ఊరు సిరిసిల్లని చేతిమగ్గం బట్ట దొరుకుతదని అచ్చినవా? గా కాలం వోయింది. ఇగో, పాలిస్టర్‌ది తీస్కో. వానకు తడ్సినా ఎంబడే ఆరుతది."

వెతికి వెతికి అట్టడుగు నుంచి ఒకే ఒక్క నూలు జెండా తీసింది. అదే కొన్నాను. పక్క అరలో పార్టీ కండువాలు రంగురంగులుగా కట్టలు కట్టి ఉన్నాయి. ఏ రంగు ఎప్పుడు అమ్ముడుపోతుందో ముందే తెలిస్తే మేడ కడుతుంటినని నవ్వింది.

లచ్చవ్వ ఇల్లు దొరకడానికి ఆటో డ్రైవర్ సాయం చేశాడు. ఇంటి పేరు చెప్పగానే, "గా కల్లు తాగే ముసలమ్మనా? ఎక్కు" అన్నాడు. ముందు గదిలో రెండు సాంచాలు, వెనక రెండు గదులు. ఆమె కొడుకు రాజేశం సాంచాలు నడుపుతున్నాడు. నేను ఎవరినో చెప్పగానే ఆయన రెండింటినీ ఆపేశాడు. ఒక్కసారిగా వచ్చిన నిశ్శబ్దంలో లోపలి గదిలోంచి మాట వినిపించింది.

"ఎందుకాపినవ్ రా, కరెంటు వోయిందా?"

లచ్చవ్వకు ఎనభై దాటి ఐదారేళ్ళు ఉంటాయి. మనిషి చిన్నది, గొంతు పెద్దది. మగ్గాల పక్కన బతికినవాళ్ళ గొంతు అలాగే ఉంటుందని తర్వాత అర్థమైంది. మంచం మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించింది.

"మల్లయ్య మనుమనివా? ముక్కు గాయనదే. చెప్పు కొడుకా, ఏం పని మీద అచ్చినవ్?"

ఫలకం గురించి, అద్దాల పెట్టె గురించి చెప్పాను. మొదటి జెండా మీ దగ్గర ఉంటే రెండు రోజులకు ఇప్పించండి, మళ్ళీ నేనే తెచ్చి ఇస్తానన్నాను. ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"గది ఇంకెక్కడిది కొడుకా! గా ఏడు బతుకమ్మకు మా అవ్వ నాకు లంగ కుట్టింది గదా. రెండేండ్లు కట్టిన. ఆకుపచ్చది కిందికి అచ్చింది, కాషాయం నడుముకాడ."

తల్లి జెండాను బిడ్డకు లంగాగా కుట్టడమేమిటి? పైకి అనలేదు కానీ నా మొహం చూసి రాజేశం, "అవ్వా, గట్ల చెప్తరా?" అన్నాడు.

"మరెట్ల చెప్పాలె? ఇంట్ల నూలు లేదు. పండుగకు పోరి బొంత కట్టుకొని ఆడాల్నా? మిల్ట్రోల్లు మంచి జెండ ఇచ్చి పోయిన్రు, ఇది మడిచి మూలకు వడేసిన్రు. మా అవ్వ తీసి కుట్టింది. గంతే."

అద్దాల పెట్టె సంగతి అన్నకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూనే అసలు ప్రశ్న అడిగాను. మా తాత జెండా ఎగరేసింది మీరు చూశారా అని.

"సూడకేంది? తుమ్మ కట్టె వట్టుకున్నది నేనే."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాయడానికి ప్రయత్నిస్తాను. మక్క కంకులు పాలు పట్టే రోజులు, పున్నమి దగ్గరపడింది. మిలిటరీ వస్తోంది, ఊరూరా మూడు రంగుల జెండా ఉండాలని మా తాత జగిత్యాలలో విని పరుగున వచ్చాడు. ఊళ్ళో ఆ జెండాను చూసినవాళ్ళు లేరు. తాత కూడా విన్నాడే గానీ చూడలేదు. లచ్చవ్వ తండ్రి దగ్గరికి పోయి, ముందు కాషాయం, తర్వాత తెలుపు, తర్వాత ఆకుపచ్చ, నడుమ ఏదో చక్రం అని చెప్పాడట. ఆయన చీర అంచులకు ఉంచిన రంగు నూలు తీసి, ముందు అన్నాడు కదా అని కాషాయంతో మొదలుపెట్టి, మూడు పట్టీలు వరుసగా నేశాడు. చక్రం అంటే ఇంట్లో ఉన్నది రాట్నమే. లచ్చవ్వ తల్లి నీలిమందు కలిపి తెల్లపట్టీ మీద రాట్నం బొమ్మ వేసింది.

"మరి బట్టకు మొదలంటె ఏది? నేత మొదలువెట్టిన కొస. చీర గూడ గా కొసనే దోపుకుంటం. మీ తాత గా కాషాయం కొసను కట్టెకు కట్టిండు. రంగులు మూడు నిలువుగ నిలవడ్డయి, రాట్నం సక్కగ ఉన్నది. మాకందరికి మస్తనిపించింది. మాకేమెరుక?"

"తర్వాత?"

"తర్వాతేంది, జీపులు అచ్చినయి. సిపాయిలు దిగి జెండ దిక్కు చెయ్యి సూపుకుంట ఒర్రుడు మొదలువెట్టిన్రు. వాల్ల మాట మాకు రాదు. మీ తాత గిట్ల సూసిండు, గట్ల సూసిండు, ఉరికిండు."

"ఎక్కడికి?"

"మక్క చేండ్లకు! మా నాయిన గాయన ఎనుక. ఊర్ల మొగోల్లు ఒక్కలు మిగలలే. జెండ తప్పు కట్టిన్రని కాలుస్తరనుకున్నరు. మీ తాత చేను దాటి వాగు ఒర్రెల వడ్డడు. కాలు గాడనే ఇరిగింది. కట్టు కట్టిచ్చెదాక మూడు దినాలు అరిసిండు పాపం."

నాకు చెవుల్లో హోరు మొదలైంది. సాంచాలు మళ్ళీ ఆన్ చేశారేమో అనుకుని ముందు గది వైపు చూశాను. ఆగే ఉన్నాయి. రజాకార్లు కొట్టలేదా అని అడిగాను. రెండోసారి కూడా అడిగాను.

"మన ఊర్లకు రజాకార్లు గా నెలల రానే రాలే కొడుకా. గీ మాట మీ తాత చెప్పిండా?"

తాత చెప్పలేదు. ఎప్పుడు అడిగినా, "గా దినాలల్ల ఇరిగింది" అనేవాడు, అంతకుమించి ఒక్క మాట లేదు. మిగతాదంతా మేమే అతికించుకున్నాం. మా నాన్న కొంత, అన్న కొంత, నూనె రాస్తూ నేను కొంత.

"మరి జెండా?"

"మా అవ్వ ఉన్నది గద. నన్ను కట్టె ఇడువకని చెప్పి ముందుకు వోయింది. ఒక సిపాయి అరచెయ్యి అడ్డంగ వెట్టి, పైన, నడుమ, కింద అని సూపిచ్చిండు. నేతోల్ల ఇంటిది, ఆమెకు సమజ్ కాదా? ముడి ఇప్పి, బట్టను అడ్డం తిప్పి, పక్కంచు కట్టెకు కట్టింది. కాషాయం పైకి అచ్చింది. రాట్నం పక్కకు పండుకున్నది. సిపాయిలు నవ్విన్రు. గప్పుడు మాకు పానం తిరిగొచ్చింది. వాల్లు చేతులెత్తి మొక్కిన్రు జెండకు, మేము గూడ మొక్కినం."

తల్లి పేరు అడిగాను. "నర్సవ్వ" అంది. తర్వాత, "ఎందుకడుగుతున్నవ్? రాళ్ళ మీద ఆడోల్ల పేర్లు గూడ చెక్కుతరా?" అని నా మొహంలోకి చూసింది. ఇంతసేపూ ఉన్న నవ్వు అప్పుడు లేదు.

బయటికి వచ్చి అన్నకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను.

"ముసలామెకు ఏం యాదుంటది రా? గప్పుడు ఎంతున్నది, తొమ్మిదేండ్ల పోరి" అన్నాడు. "ఊరంతటికి చెప్పిన. తాత పేరు లేకుంటె నేను ఎల్లుండి ఏ మొకంతోని నిలవడాలె?"

"తాత ఈ మాట ఎప్పుడైనా చెప్పిండా అన్నా? జెండా ఎత్తినందుకు కొట్టిన్రని, ఆయన నోటితోని?"

"నాయిన చెప్పిండు."

"తాత?"

"నువ్వు ఎన్నడు ఇంత మాట్లాడలేదు రా" అని ఫోన్ పెట్టేశాడు. నిజమే. నేను మాట్లాడే మనిషిని కాను. తాత కూడా కాదు. ఆయన మాట్లాడకపోవడం వల్లనే ఆయన కాలికి మేం ఇంత కథ కట్టగలిగాం. నేనూ ఊరుకుంటే అది రాతిమీదికి ఎక్కుతుంది. నాలుగు కావస్తోంది.

లోపలికి వచ్చి, లచ్చవ్వ ముందే శంకర్‌కు ఫోన్ చేశాను. వాక్యం మారుతోందని, రాసుకొమ్మని చెప్పాను. ‘ఈ గ్రామంలో మొదటి జాతీయ జెండాను సరిగా నిలిపినది నర్సవ్వ.’

"మల్లయ్య పేరు తీసెయ్యాల్నా కాకా?" అన్నాడు శంకర్. ఫోన్ స్పీకర్‌లో ఉంది. నేను జవాబు చెప్పేలోపే లచ్చవ్వ గట్టిగా అంది:

"తియ్యకు కొడుకా! గాయన జగిత్యాలకెళ్ళి మాట తేకుంటె మా నాయిన నేస్తుండెనా? ఉరికితె ఉరికిండు. అందరు ఉరికిన్రు. తెచ్చింది మల్లయ్యని రాయి."

శంకర్ నవ్వి, "అవ్వా, అక్షరాలు జర చిన్నగ చెక్కాలె, జాగ లేదు" అన్నాడు.

"మల్లయ్యయి చిన్నగ చెక్కు. మా అవ్వయి మంచిగ చెక్కు" అంది లచ్చవ్వ.

వెళ్ళొస్తానంటే ఆమె నా సంచిలోంచి కొత్త జెండా తీయించి, అంచు వేళ్ళతో నలిపి చూసింది. మిల్లు నూలే, పర్వాలేదంది. ఎల్లుండి పొద్దున రాజేశం బండి మీద తీసుకొస్తాడట. "జెండ ఎటు కడ్తరో నేనచ్చి సూస్త. మీ ఇంటోల్లను నమ్మరాదు" అని మళ్ళీ కొంగు అడ్డం పెట్టుకుంది. నేను గడప దాటేసరికి సాంచాలు మొదలయ్యాయి.

తిరుగు ప్రయాణం వేములవాడ నుంచి జగిత్యాల బస్సులో. మల్యాల క్రాస్ రోడ్డు దాటేసరికి చీకటి పడింది, వాన మళ్ళీ మొదలైంది. కిటికీ పక్కన కూర్చుని రాతి మీది నాలుగు తేదీల గురించే ఆలోచించాను. వాటిలో ఏ ఒక్కదాన్నీ నేను అనుమానించను, అవి పుస్తకాల్లో ఉన్నాయి. కానీ మా ఊరికి జెండా వచ్చిన రోజు వాటిలో ఏదీ కాకపోవచ్చు. లచ్చవ్వకు తేదీ తెలియదు. మక్క కంకులు, పున్నమి వెన్నెల, ఆ ఏడు బతుకమ్మ తెలుసు. భయంతో కట్టిన జెండా అది, అదీ తప్పుగా. దాన్ని సరిచేసిన చేతులు ఎవరివో ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు. మొదట తాతను తలచుకుని నాకు సిగ్గేసింది. జగిత్యాల వచ్చేసరికి ఆ సిగ్గు పోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల కట్టె పట్టుకుని నిలబడితే, పెద్దాయన పరిగెత్తాడు, నిజమే. కానీ తర్వాత జీవితమంతా ఎవరు పొగిడినా ఆ పొగడ్తకు తల ఊపలేదు. అబద్ధం ఆడలేదు, నిజం చెప్పలేదు, కాలు చాచి నాతో నూనె రాయించుకున్నాడు. ఇది తెలిసిన దిగ్భ్రమ నుంచి నేను ఇంకా పూర్తిగా తేరుకోలేదు.

ఈ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట. సోమ, శుక్రవారాల్లో, ముఖ్యంగా శ్రావణంలో, వేములవాడ బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు, మిగతా రోజులు చూసుకోండి. ఇక మీ ఊళ్ళో కూడా రాతి మీద ఏదైనా చెక్కిస్తుంటే, ఆ రోజుల్ని చూసిన పెద్దవాళ్ళ దగ్గరికి ఉలి దిగకముందే వెళ్ళండి, తర్వాత కాదు.

ఇంటికి వచ్చేసరికి అన్న మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తిన్నవా అని మాత్రం అడిగాడు. జెండా, తాడు బయటికి తీశాను. ఆయన జెండా విప్పి, కాషాయం ఎటుందో చూసి, పక్కంచు నా వైపు పెట్టి పట్టుకున్నాడు. నేను తాడు కొస తీసుకుని మొదటి ముడి వేశాను.